కలగలుపు పాటల గురించి రాసేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,
ఆశీస్సులతో రాయునది.

అమెరికన్ సింగర్ లిడియా లవ్‌లెస్ ‘ఇన్‌డిస్ట్రక్టిబుల్ మెషిన్’ ఆల్బమ్ మీద నువ్వు పంపిన సమీక్షను శ్రద్ధగా చదివాను. ఒహాయో రాష్ట్రంలో చదువుకుంటూ, అక్కడి నేల మీద పుట్టిన సంగీతాన్ని తెలుగు పాఠకులకు చెప్పాలని నీకు తోచడం నాకెంతో సంతోషం కలిగించింది. నీ వాక్యం బాగుంది, ఉత్సాహం ఇంకా బాగుంది. అయితే వ్యాసమంతా కలిపి నువ్వు చెప్పినది ఒక్కటే: ఇందులో కంట్రీ (అమెరికా పల్లె పాటల మూలాలున్న సంగీతం) ఉంది, రాక్ ఉంది, పంక్ (వేగంగా, కరుకుగా వాయించే రాక్) ఉంది, మూడూ పులిహోరలా కలిశాయి అని. ఆ మాట ఆల్బమ్ వినకుండా కూడా రాయవచ్చు. అవి ఏ చోట కలిశాయి, కలిసిన చోట పాటలోని మాటకు ఏమయింది అన్నది మాత్రం విన్నవాళ్లే రాయగలరు. నువ్వు విన్నావు కాబట్టి నీ నుంచి నేను కోరేది అదే.

ఈ కలయిక ఎలా సాధ్యమయిందో ముందు నీకు నువ్వు తేల్చుకోవాలి. పాత కంట్రీ పాటలో బేస్ ఒక దెబ్బకు ఆధార స్వరాన్ని, తర్వాతి దెబ్బకు పంచమాన్ని మార్చి మార్చి పలికిస్తుంది. ఆ దెబ్బల నడుమ ఖాళీలో స్నేర్ డ్రమ్మో, గిటార్ తీగల మీద గీసిన గీతో ‘చిక్’ మంటుంది. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ బృందంలో మొదట్లో డ్రమ్స్ వాయించేవారు లేరు. అందుకని 1956 నాటి ‘ఐ వాక్ ద లైన్’లో ఆయన తన గిటార్ తీగల మధ్య కాగితం దూర్చి, ఆ గరగర శబ్దంతోనే స్నేర్ లోటు తీర్చుకున్నారు. ఆ లయనే బాగా వేగం పెంచి, బేస్‌లో పంచమాన్ని వదిలేసి ఆధార స్వరాన్ని ఎడతెరిపి లేకుండా కొట్టి, గిటార్‌ను పైనుంచి కిందికి మాత్రమే బలంగా గీస్తే, నువ్వు పంక్ గుమ్మంలో నిలబడినట్టే. 1976లో వచ్చిన పంక్ బృందం రామోన్స్ తొలి ఆల్బమ్‌లో 14 పాటలూ అరగంటలోపే అయిపోతాయి. అటు కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ పాటకైనా, ఇటు రామోన్స్ పాటకైనా మూడు నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) చాలు, బృందంలో నలుగురైదుగురు చాలు, మాట సూటిగా ఉంటే చాలు. ఈ రెండు సంగీతాల మధ్య దూరం శ్రోతలు అనుకున్నంత లేదు. నువ్వు ఆశ్చర్యపడుతూ రాసిన చోట కారణం చెప్పి ఉంటే పాఠకుడికి మేలు జరిగేది.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ కుర్రాళ్ల బృందం అంకుల్ టుపెలో 1990లోనే ఈ దారిన నడిచి, తమ తొలి ఆల్బమ్‌కు తొలితరం కంట్రీ బృందం కార్టర్ ఫ్యామిలీ పాడిన పాత పాట నుంచి పేరు తీసుకుంది. తర్వాత షికాగోలో మొదలైన బ్లడ్‌షాట్ రికార్డ్స్ ఇలాంటి సంగీతానికే నిలయమయింది. 2011లో లిడియా ఆల్బమ్‌ను విడుదల చేసినదీ ఆ సంస్థే. ఈ వరుసను రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు సాగు. అది లేకపోతే ఈ కలయికను మొదట కనిపెట్టినది లిడియాయే అన్న భ్రమ కలుగుతుంది. మరీ ఎక్కువైతే సమీక్ష కాస్తా చరిత్ర పాఠమవుతుంది.

అసలు పట్టించుకోవలసినది గొంతు. లయ దగ్గర సఖ్యంగా ఉన్న కంట్రీ, పంక్‌లు గొంతు దగ్గరకు వచ్చేసరికి పోట్లాడుకుంటాయి. కంట్రీ గొంతు పాదం చివరి అచ్చును సాగదీస్తుంది, కిందినుంచి పై స్థాయికి ఎగిరేటప్పుడు కావాలనే విరుగుతుంది, ఆ విరుపులోనే దుఃఖమంతా పెడుతుంది. పంక్‌కు అంత తీరిక లేదు. అక్షరం దెబ్బ మీద పడాలి, వెంటనే తర్వాతి అక్షరం రావాలి. గిటార్లు హోరెత్తుతున్నా లిడియా ఆ సాగదీతను వదులుకోరు, గొంతు తగ్గించరు. అందువల్ల కోపంగా మొదలైన పాదం చివరికి వచ్చేసరికి వేదనగా వినిపిస్తుంది. నా మట్టుకు ఈ ఆల్బమ్ బలమంతా అక్కడే ఉంది. నువ్వు ఒక్క పాటలోని ఒక్క చరణం తీసుకుని, ఏ మాట దగ్గర గొంతు సాగింది, ఏ మాట దగ్గర డ్రమ్స్ తరిమాయి అని వేలు పెట్టి చూపించు. తొమ్మిది పాటలకూ తలా ఒక విశేషణం పంచిపెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

వయసు సంగతి. 21 ఏళ్లకే ఇంత గొప్ప ఆల్బమ్ తెచ్చారని నువ్వు పదే పదే అన్నావు. ఒకసారి చెబితే చాలు. దానికన్నా, కొషాక్టన్ అనే చిన్న ఊళ్లో, కంట్రీ సంగీతం వినిపించే బార్ నడిపిన తండ్రి ఇంట్లో, ఊరూరా తిరిగే వాద్యకారులు సోఫాల మీదా నేల మీదా పడుకుని ఉండగా పెరిగిన బాల్యం గురించి రాయి. ఆ సంగీతకారుల అలసటను దగ్గరగా చూసినవారు రాసిన పాటలివి అని తెలిస్తే, పాఠకుడు వాటిని వేరే చెవితో వింటాడు.

పాటల్లో తాగుడు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నువ్వు లిడియా జీవితం గురించి బాధపడ్డావు. నీ మనసు మంచిదే, కానీ పాటలోని ‘నేను’ను పాడినవారికి అంటగట్టే ముందు ఆగాలి. బార్లలో పుట్టి పెరిగిన హాంకీటాంక్ తరహా కంట్రీ పాటకు తాగుడు, ఒంటరితనం, తెగిపోయిన ప్రేమ తరాలుగా వస్తున్న వస్తువులు. మన పదకర్తలకు విరహం ఎలా వస్తువయిందో అలాగే. ఆ వస్తువుతో లిడియా కొత్తగా ఏం చేశారన్నదే విమర్శకుడి ప్రశ్న. నాకు వినిపించిన జవాబు ఇది: జాలి కోరని గొంతుతో చెప్పారు.

చివరి పాట పేరు ‘క్రేజీ’ అని చూసి, విల్లీ నెల్సన్ రాయగా 1961లో ప్యాట్సీ క్లైన్ పాడిన పాటకు ఇది కొత్త రూపమని నువ్వు రాసిన వాక్యం తీసేయి. ఇది వేరే పాట. అలాగే కంట్రీ అంటే అమెరికా జానపదమే అన్న మాట కూడా నిలవదు. 1927లో అమెరికాలోని బ్రిస్టల్ పట్టణంలో కార్టర్ ఫ్యామిలీ, జిమ్మీ రోజర్స్ తొలిసారి రికార్డు చేసినప్పుడే అది కంపెనీలు, హక్కులు, అమ్మకాలు ఉన్న వ్యాపారం. మూలాలు పల్లె పాటల్లో ఉన్నాయి, నిజమే. కానీ కర్త ఎవరో తెలియకుండా నోటి నుంచి నోటికి వచ్చిన మన పాటలతో దాన్ని సమానం చేస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

ఈ నెలాఖరులోగా తిరగరాసి పంపు. ఈసారి మొదటి పేరాలో కంట్రీ, రాక్, పంక్ అనే పేర్లు మూడూ లేకుండా, నిన్ను మొదట పట్టి ఆపిన పాటతోనే మొదలుపెట్టు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి