ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే చోటేదీ?

ప్రశ్న: నా వయసు 38. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. మా బావమరిది, అతని స్నేహితులు ముగ్గురు కలిసి చిన్న గేమ్ స్టూడియో పెట్టారు. పిల్లలూ పెద్దలూ ఇంటిల్లిపాదీ ఆడుకునే తరహా కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే ఆటల మెషీన్) కోసం ఒక ఆట తయారుచేస్తున్నారు. పని సగమైంది, చేతిలో డబ్బు అయిపోయింది. "ఆ మెషీన్ కోట్ల ఇళ్ళలో ఉంది బావా, నూటికి ఒక్కరు కొన్నా పెట్టింది రెండింతలవుతుంది" అంటున్నాడు. మా పొదుపులో సగం పెడితే లాభంలో 20 శాతం ఇస్తాడట. బ్యాంకు అప్పుకు హామీ సంతకం కూడా అడుగుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: హామీ సంతకం సంగతి ముందే తేల్చేద్దాం. పెట్టకండి. పెట్టుబడి పోతే పెట్టినంతే పోతుంది. హామీ ఉంటే, ఆట ఆగిపోయిన తర్వాత కూడా వాయిదాలు మీ జీతంలోంచే కట్టాల్సి రావచ్చు. ఈ ఒక్క విషయంలో మొహమాటానికి పోవద్దు.

ఇక పెట్టుబడి సంగతి. "నూటికి ఒక్కరు" అనే లెక్క నా దగ్గరికొచ్చే వ్యాపార ప్రణాళికలన్నిటిలోనూ ఉంటుంది. ఆ ఒక్కరు ఎవరో, ఎవరు చెబితే కొంటారో మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. మీ బావమరిది చెప్పే తరహా కన్సోల్‌కి బాగా పేరున్న ఉదాహరణ జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన 'వీ'. 2006 నవంబరులో అమెరికాలో సుమారు 250 డాలర్లకు వచ్చింది. రిమోట్ చేత్తో పట్టుకుని ఊపితే తెర మీద బౌలింగ్ బంతి దొర్లేది. అంతకుముందు కన్సోల్ ముట్టుకోని అమ్మమ్మలూ తాతయ్యలూ దాన్ని ఆడారు. మొత్తం 10.16 కోట్ల మెషీన్లు అమ్ముడయ్యాయి. ఆటలైతే 92 కోట్ల పైచిలుకు, అంటే మెషీన్‌కి సగటున తొమ్మిది. ఇంత పెద్ద సంత ఉండగా, నింటెండోవి కాని బయటి స్టూడియోలు తమ ఆటలు అమ్ముడుపోవడం లేదని ఎందుకు గోల పెట్టాయనిపిస్తుంది కదా?

ఆ 92 కోట్లను కొంచెం విప్పి చూడండి. వీ స్పోర్ట్స్ 8.29 కోట్లు, మారియో కార్ట్ వీ 3.74, వీ స్పోర్ట్స్ రిసార్ట్ 3.31, న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ 3.03, వీ ప్లే 2.8, వీ ఫిట్ 2.27, వీ ఫిట్ ప్లస్ 2.11. ఈ ఏడూ కలిపితేనే 25 కోట్లు దాటాయి, మొత్తంలో నాలుగో వంతుకు పైన. ఏడూ నింటెండోవే. పైగా వీ స్పోర్ట్స్ జపాన్ బయట చాలా దేశాల్లో కన్సోల్ పెట్టెలోనే వచ్చేది, వేరే కొనే పని లేదు. వీ ప్లేతో అదనపు రిమోట్ ఇచ్చేవారు కాబట్టి, రిమోట్ కోసం వెళ్ళినవాళ్ళు ఆట కూడా పట్టుకొచ్చారు. మిగిలినదాంట్లోంచి నింటెండో ఇతర ఆటల వాటా తీసేశాక, వెయ్యికి పైగా ఉన్న బయటి ఆటలు పంచుకోవాలి. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికే చోటు లేదు.

అసలు చిక్కు కొనేవాళ్ళ దగ్గర ఉంది. ఆటలంటే పడిచచ్చేవాడు కథ పూర్తి చేసి, డిస్క్ పక్కనపెట్టి, తర్వాతది ఎప్పుడొస్తుందా అని చూస్తాడు. సమీక్షలు చదువుతాడు, విడుదల తేదీలు కంఠస్థం. ఇంటిల్లిపాది కన్సోల్ కొన్న కుటుంబం అలా కాదు. బౌలింగ్‌కి ఆఖరి అధ్యాయం ఉండదు. ఎవరైనా వస్తే ఆడతారు, వెళ్ళగానే రిమోట్‌లు సొరుగులోకి పోతాయి. అంటే మీవాళ్ళ ఆటకు మొదటి పోటీ ఆ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఆటే. ఇక ఆ ఇంటి పెద్ద ఎప్పుడో పుట్టినరోజు కానుక కోసం దుకాణానికి వెళ్తే, అరలో నలభై అట్టలు ఒకే తీరున నవ్వుతుంటాయి. ఏది మంచిదో, ఏది వీ స్పోర్ట్స్‌కి చవకబారు నకలో తెలియదు. ఒకసారి నకలు కొని మోసపోయాడంటే మరుసటిసారి నేరుగా నింటెండో వాళ్ళ బొమ్మ మారియో మొహం ఉన్న పెట్టె తీసుకుంటాడు. (నేనైనా అదే చేస్తాను. తెలియని ఫండ్ జోలికి పోకుండా తెలిసిన డిపాజిట్‌లో వేసుకునే మనస్తత్వమే ఇది.)

ఆట బాగుంటే చాలదా? క్యాప్‌కామ్ 2007లో తెచ్చిన జాక్ అండ్ వికీని విమర్శకులు మెచ్చుకున్నారు, సెగా 2009లో తెచ్చిన మ్యాడ్‌వరల్డ్‌నీ మెచ్చుకున్నారు. రెండూ సరిగా అమ్ముడుపోలేదు. మ్యాడ్‌వరల్డ్ నలుపు తెలుపు బొమ్మల మధ్య ఎర్రగా నెత్తురు చిందే ఆట. అలాంటివి ఇష్టపడేవాళ్ళలో చాలామందికి పోటీ కన్సోళ్ళయిన ప్లేస్టేషన్ 3నో, ఎక్స్‌బాక్స్ 360నో ఉండేది. దానికితోడు వీ శక్తి తక్కువ. ఆ రెండింటికీ చేసిన ఆటను కాస్త సర్ది వీ మీదకు తేవడం కుదరదు, దాదాపు మళ్ళీ కట్టాల్సిందే. కాబట్టి చాలా కంపెనీలు తమ మంచి బృందాలను అటు పెట్టి, మిగిలినవాళ్ళను ఇటు పెట్టాయి. ఆటలు నాసిగా వచ్చాయి, జనం కొనలేదు, 'ఇక్కడ అమ్ముడుపోవు' అని ఇంకా తగ్గించాయి.

డబ్బు సలహాలిచ్చే మనిషిగా నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం ఇంకొకటి: అమ్ముడైన డబ్బు ఎవరి చేతుల మీదుగా వస్తుందనేది. డిస్కుల కాలంలో తయారీ ఖర్చు, లైసెన్సు రుసుము ఒక్క కాపీ అమ్మకముందే కన్సోల్ తయారుచేసే కంపెనీకి కట్టాలి. సరుకు మిగిలితే నష్టం ప్రచురణకర్తది, అంటే ఆటకు డబ్బు పెట్టి బజారులోకి తెచ్చే కంపెనీది. చిన్న స్టూడియోల కోసమని నింటెండో 2008లో వీవేర్ అనే డౌన్‌లోడ్ దుకాణం తెరిచింది. అక్కడ ఆట 40 ఎంబీ దాటకూడదు. నిర్ణీత సంఖ్యలో కాపీలు అమ్ముడయ్యేదాకా తయారీదారుకు పైసా రాదు. సూపర్ మీట్ బాయ్ అనే ఆట తయారీదారులు ఆ 40 ఎంబీలో పట్టక వీ వెర్షన్‌నే మానుకున్నారు.

ఇప్పుడు కాపీల సంఖ్య షరతు లేకపోయినా వరుస అలాగే ఉంది. ఆట ధర 100 అనుకుందాం. కన్సోల్ దుకాణం సాధారణంగా 30 దాకా తీసుకుంటుంది. మిగిలిన 70లోంచి ప్రచురణకర్త తాను ఇచ్చిన అడ్వాన్సు, ప్రచార ఖర్చు ముందు రాబట్టుకుంటాడు. ఆ తర్వాత సగం సగం అని ఒప్పందమైతే స్టూడియోకి 35. అందులోంచి నలుగురి జీతాలు, బ్యాంకు వాయిదా పోగా మిగిలితే దాని పేరు 'లాభం'. ఆ మిగిలినదాంట్లో ఐదో వంతు మీది. మీరు వరుసలో చివర నిలబడి ముందున్నవాళ్ళందరికీ దారి ఇస్తున్నారన్నమాట.

ఎవరూ గెలవలేదని కాదు. యూబీసాఫ్ట్ 2009లో జస్ట్ డాన్స్ తెచ్చింది. రిమోట్ చేత్తో పట్టుకుని తెర మీద బొమ్మ వేసే స్టెప్పులు వేయడమే. గదిలో ఒకరు ఆడుతుంటే చూసినవాడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. వీకి కొత్త జస్ట్ డాన్స్‌లు 2019 దాకా వచ్చాయంటే చూడండి. ఇద్దరు మనుషుల స్టూడియో చేసిన వరల్డ్ ఆఫ్ గూ కూడా 2008లో వీవేర్‌లో నిలబడింది. కానీ వాళ్ళు దాన్ని పీసీలోనూ అమ్మారు, ఒక్క కొమ్మను పట్టుకుని వేలాడలేదు.

గెలిచినవాళ్ళు కూడా ఆ గెలుపును తప్పుగా చదివిన సందర్భం ఒకటి చెప్పాలి. టీహెచ్‌క్యూ అనే ఆటల కంపెనీ 2010లో వీ కోసం యూడ్రా అనే బొమ్మలు గీసే పలక తెచ్చింది. పిల్లలకు నచ్చింది, బాగా అమ్ముడైంది. మరుసటి ఏడాది అదే పలకను ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360ల మీదకు తీసుకెళ్ళారు. అక్కడ అడిగినవాడు లేక సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. 2012 డిసెంబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అదొక్కటే కారణం కాదు గానీ, పెద్ద దెబ్బల్లో అదొకటి.

మీ విషయానికొస్తే, సగం పొదుపు మాట మరిచిపోండి. ఆరు నెలల ఇంటి ఖర్చు, పిల్లల చదువుకని దాచింది ముట్టుకోకుండా, మిగిలినదాంట్లో పదో వంతు దాటవద్దు. పూర్తిగా పోయినా పండక్కి బావమరిదితో కలిసి భోంచేయగలిగేంత మొత్తమే ఇవ్వండి. అదీ ఒకేసారి కాదు, ఆడగలిగే నమూనా చేతికొచ్చాక కొంత, ప్రచురణకర్త సంతకం పెట్టాక మిగతాది. వాటా లాభంలో అడగకండి, స్టూడియో చేతికొచ్చే ఆదాయంలో అడగండి. శాతం 20 నుంచి 5కి తగ్గినా ఒప్పుకోండి, లాభమనే మాటను ఎటైనా సాగదీయొచ్చు.

డబ్బు ఇచ్చేముందు అతన్ని కూర్చోబెట్టి ఆట మీ అత్తగారి చేతికివ్వమనండి. ఎవరూ నోరు విప్పకూడదు. రెండు నిమిషాల్లో ఆవిడ తనంతట తాను ఆడుతుంటే మాట ముందుకు సాగనివ్వండి. ఆ తర్వాత, ఇదే ఆట పీసీకో ఫోన్‌కో తేవడానికి ఎంత పని పడుతుందో అడగండి. ఈ తరహా కొనుగోలుదారుల్లో చాలామంది ఆడుకోవడానికి ఇప్పుడు ఫోనే చాలు.

ఇంకొకటి. 'మా పొదుపు' అని రాశారు, కానీ మీ ఆవిడ ఏమంటున్నారో రాయలేదు. అడుగుతున్నది ఆవిడ తమ్ముడే కాబట్టి 'వద్దు' అనే భారం ఆవిడ మీద పడకుండా, ఎంత ఇవ్వాలో మీరిద్దరూ ముందే అనుకుని అతనికి మీరే చెప్పండి. ప్రచురణకర్తతో ఒప్పందం ముసాయిదా ఉంటే ఒక నకలు నాకు పంపండి. అడ్వాన్సు రాబట్టుకునే షరతు ఎలా రాశారో చూసి చెబుతాను.