నీటిపై తేలే ఎరలతో బాస్ వేట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండేళ్లుగా బాస్ చేపల కోసం గాలం వేస్తున్నాను. నీటి అడుగున లాగే ఎరలతో ఫరవాలేదనిపించేలా చేపలు పడుతున్నాయి. నీటిపై తేలే ఎరలు కూడా కొందామని దుకాణానికి వెళితే ఒక గోడ నిండా అవే కనిపించాయి. మూతి గుంటగా ఉన్నవి, తోక దగ్గర రెక్కలు తిరిగేవి, పొడవాటి చుట్టల్లాంటివి, రబ్బరు కప్పలు ఉన్నాయి. నాలుగైదుకు మించి కొనే ఉద్దేశం లేదు. ఏవి తీసుకోవాలో, దేన్ని ఎప్పుడు వేయాలో వివరంగా చెప్పగలరా?

జవాబు: మీకు కలిగిన తికమక సహజమే. దుకాణంలో గోడ ముందు నిలబడి చేసే ఎంపిక చాలాసార్లు తప్పుతుంది, ఎందుకంటే ఏ ఎర కావాలో చెప్పవలసింది నీరు. నేను ఎరల పెట్టె తెరిచే ముందు నన్ను నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇక్కడ కొక్కేలకు తట్టుకునే నాచు, ఆకులు, కొమ్మలు ఉన్నాయా అన్నది మొదటిది. చేప ఎక్కడుందో నాకు తెలుసా, లేక వెతుక్కోవాలా అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎంపిక ముప్పాతిక వంతు పూర్తయినట్టే. రంగు, పరిమాణం, తయారీదారు పేరు వంటివన్నీ ఆ తరవాతి విషయాలు.

రెండో ప్రశ్నను కొంచెం విడమరచి చెప్పాలి. నీటిపై తేలే ఎరలన్నీ శబ్దం చేసేవే, అలలు లేపేవే. కాని అవి ఒకే చోట ఎంతసేపు నిలవగలవు అన్న విషయంలో ఒకదానికీ మరొకదానికీ చాలా తేడా ఉంది. చేప ఫలానా దుంగ నీడలో ఉందని గట్టి నమ్మకం ఉన్నప్పుడు, ఆ దుంగ పక్కనే అర నిమిషం నిలిచి కవ్వించగల ఎర కావాలి. పొడవాటి ఒడ్డు వెంట చేప ఎక్కడైనా ఉండవచ్చు అనుకున్నప్పుడు, ఆగకుండా సాగుతూ ఎక్కువ నీటిని వెతికే ఎర కావాలి. ఈ రెండు పనులూ సమానంగా చేసే ఎర నాకింతవరకు కనబడలేదు.

నిలిచే ఎరల్లో మొదట చెప్పుకోవలసింది పాపర్, అంటే మీరు చూసిన గుంట మూతిది. రాడ్‌ను చిన్నగా కుదిపితే ఆ గుంట నీటిని ముందుకు చిమ్మి ‘బ్లుప్’ మంటుంది. తోక కొక్కేనికి కట్టిన ఈకలు ఎర ఆగిన తరవాత కూడా నెమ్మదిగా విచ్చుకుంటూ ఉంటాయి. దీనిని వాడే పద్ధతిలో ఓపికే ముఖ్యం. ఎర నీటిపై పడగానే కదిలించకండి. పడిన చోట లేచిన వలయాలు విస్తరించి, పలచబడి, పూర్తిగా మాయమయ్యేవరకు చూడండి. అప్పుడొకసారి కుదిపి, మళ్లీ ఆ వలయాలు పోయేవరకు ఆగండి. బాస్ చాలాసార్లు ఎర కదులుతున్నప్పుడు కాక, ఆగి ఉన్నప్పుడే లేస్తుంది. నిశ్చలమైన నీటిలో, చెట్ల నీడల్లో, పడవలు కట్టే రేవుల స్తంభాల పక్కన పాపర్‌కు సాటి వచ్చేది లేదని నా అభిప్రాయం. గాలికి నీరు బాగా రేగినప్పుడు మాత్రం దాని చిన్న శబ్దం అలల హోరులో కలిసిపోతుంది.

వెతికే ఎరల్లో చుట్ట ఆకారంలో ఉండే వాకింగ్ బెయిట్‌ది పెద్దపీట. 1939లో హెడ్డన్ కంపెనీ తెచ్చిన జారా స్పూక్ ఈ కోవలో అందరికీ తెలిసినది, నేటికీ అమ్ముడవుతున్నది. ఈ ఎరకు సొంత కదలిక ఏమీ లేదు; చేతితోనే నడిపించాలి. రాడ్ కొనను నీటివైపు దించి, లైన్ (గాలపు దారం) కొంచెం వదులుగా ఉండగా చిన్నగా తట్టి, తట్టిన వెంటనే మళ్లీ వదులివ్వాలి. ఆ వదులే ఎర తలను ఒక పక్కకు జారనిస్తుంది. తరవాతి తట్టుతో అది రెండో పక్కకు జారుతుంది. కొత్తవారు లైన్‌ను బిగువుగా పట్టి లాగుతారు కాబట్టి ఎర తిన్నగా వచ్చేస్తుంది, వారేమో ఎర మంచిది కాదనుకుంటారు. ఒక గంట సాధన చేస్తే చేయి దానంతటదే లయ పట్టుకుంటుంది. విశాలమైన నీటిలో, లోతు మారే గట్ల మీద, చిన్న చేపల గుంపులను బాస్ తరుముతున్న చోట ఇది పనికొస్తుంది. అది లోతు నుంచి కూడా చేపను పైకి రప్పించగలదు.

నాచు, కలువాకులు, జమ్ము దట్టంగా ఉన్న చోట పైన చెప్పిన రెండింటినీ పెట్టెలోనే ఉంచండి. వాటికి వేలాడే మూడు మొనల కొక్కేలు మొదటి విసురులోనే నాచు ముద్దను పట్టుకుంటాయి. అక్కడ బోలు రబ్బరు కప్ప తప్ప మరొకటి లేదు. దాని రెండు కొక్కేల మొనలు పైకి తిరిగి, కప్ప ఒంటికి ఆనుకుని ఉంటాయి; చేప నోట్లో కప్ప నలిగినప్పుడే అవి బయటపడతాయి. ఆకు మీదికి విసిరి, దాని అంచు వరకు నెమ్మదిగా పాకించి, అంచు నుంచి నీటిలోకి జార్చి, అక్కడ ఆపండి. ఆకుల మధ్య పళ్లెమంత ఖాళీ ఉన్నా చాలు. కప్ప అక్కడ ఆగి ఉండగా చుట్టుపక్కల కాడలు చిన్నగా ఊగితే, చేప దాని కిందికి వచ్చిందని అర్థం. కొన్ని కప్పల్లోకి మెల్లగా నీరు చేరుతుంది. నాలుగైదు విసుర్లకొకసారి పిండేయకపోతే కప్ప తోక దించి కూర్చుని, పక్కలకు తిరగడం మానేస్తుంది.

బజ్‌బెయిట్ అనేది తీగకు గిరగిర తిరిగే రెక్క అమర్చిన ఎర. ఇది తేలదు, లాగుతున్నంతసేపే నీటి మీద ఉంటుంది. అందువల్ల నీటిపై పడకముందే రీల్ తిప్పడానికి సిద్ధంగా ఉండి, నీటి మీద నిలిచే కనీస వేగంతో తెచ్చుకోవాలి. మబ్బు పట్టిన ఉదయాన, కొంచెం బురదగా ఉన్న నీటిలో, గాలికి చిరు అలలు లేచినప్పుడు ఒడ్డంతా త్వరగా వెతకడానికి ఇంతకన్నా సులువైనది లేదు. ఒకటే కొక్కెం పైకి తిరిగి ఉంటుంది కాబట్టి పలుచటి గడ్డిలోంచి కూడా వస్తుంది. తోక భాగం తిరుగుతూ గుడగుడలాడే ప్లాపర్ రకం ఎరలు దాదాపు ఇదే పని చేస్తాయి. అవి తేలతాయి కనుక మధ్యలో ఆపే వీలుంటుంది, కాని వాటి మూడు మొనల కొక్కేలు గడ్డిని పట్టేస్తాయి.

మీరు నాలుగే కొంటానంటే, ఒక పాపర్, నాలుగు అంగుళాలకు అటూఇటూగా ఉన్న ఒక వాకింగ్ బెయిట్, ఒక కప్ప, ఒక బజ్‌బెయిట్ తీసుకోండి. వీటితో దాదాపు ఏ నీటికైనా సిద్ధమైనట్టే. వేళ విషయానికొస్తే, నీటి వేడి సుమారు 60 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 16 డిగ్రీల సెల్సియస్ దాటిన తరవాతే వీటిపై ఆశ పెట్టుకోవడం మంచిది. చల్లటి నీటిలో బాస్ మందకొడిగా ఉండి, పైకి లేవడానికి ఇష్టపడదు. వేసవిలో తెల్లవారుజాము, మాపటివేళ బాగుంటాయని అందరూ చెప్పేది నిజమే. అయితే దట్టమైన కలువాకుల కింద నీడ రోజంతా ఉంటుంది కాబట్టి కప్పతో మిట్టమధ్యాహ్నం కూడా చేపలు పడతాయి. చాలామంది ఎండెక్కగానే ఇంటికి వెళ్లిపోతారు.

ప్రశ్న: నా ఎర మీద చేప లేస్తోంది, నీరు ఎగసిపడుతోంది, కాని రాడ్ ఎత్తేసరికి ఏమీ ఉండదు. మొన్న ఒక్క ఉదయంలో ఆరు చేపలు ఇలా తప్పిపోయాయి. కొక్కేలు మార్చాలా? ఎర మార్చాలా?

జవాబు: ముందు మార్చవలసింది రాడ్ ఎత్తే క్షణం. నీరు చిట్లిన శబ్దం వినగానే చేయి ఎగరడం మనిషి స్వభావం. ఆ క్షణానికి ఎర ఇంకా చేప నోట్లోకి పూర్తిగా వెళ్లి ఉండకపోవచ్చు. బాస్ నోరు తెరిచి నీటితో సహా ఎరను లోపలికి పీల్చుకుంటుంది. లైన్ బిగుసుకుపోయి ఉంటే ఆ పీల్పుకు ఎర లొంగదు. కాబట్టి కంటితోనూ చెవితోనూ కాక చేతితో నిర్ణయించండి. లైన్ మీద చేప బరువు తెలిసిన తరవాతే రాడ్ ఎత్తండి. ఇది రాయడం తేలిక, చేయడం కష్టం. నేను కప్పతో వేట మొదలుపెట్టిన మొదటి వేసవిలో దాదాపు ప్రతి చేపనూ ఇలాగే పోగొట్టుకున్నాను. చివరికి చేప లేచినప్పుడు కప్ప నీటి మీద ఇంకా కనిపిస్తోందా అని చూడడం అలవాటు చేసుకున్నాను. కప్ప కనబడకపోతే, రాడ్ దించి, వదులు చుట్టుకుని, బరువు తగలగానే గట్టిగా ఎత్తుతాను. ఆ చిన్న చూపుకు పట్టే సమయమే చేపకు కావలసిన సమయం.

రెండో కారణం లైన్. ఫ్లోరోకార్బన్ అనే రకం లైన్ నీటిలో మునుగుతుంది, ఎర మూతిని కిందికి లాగి దాని నడకను పాడు చేస్తుంది. పాపర్‌కూ వాకింగ్ బెయిట్‌కూ దాన్ని వాడవద్దు. సుమారు 15 పౌండ్ల బరువు తట్టుకునే మోనో, అంటే ఒంటిపోగు నైలాన్ లైన్, బాగుంటుంది. అది కొంచెం సాగుతుంది కనుక, మీరు తొందరపడినా చేపకు క్షణం వ్యవధి దొరుకుతుంది. దూరం విసరడానికి బ్రెయిడ్ (సన్నటి పోగులు అల్లిన లైన్) కావాలనుకుంటే, కొసన అడుగున్నర మోనో ముక్క ముడి వేయండి. లేకపోతే మెత్తటి బ్రెయిడ్ ముందు కొక్కేనికి చుట్టుకుంటుంది. కప్పకు మాత్రం సాగే గుణం పనికిరాదు. 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్, ఏడడుగులకు తగ్గని బిరుసైన రాడ్ ఉంటేనే దాని బలమైన కొక్కేలు గుచ్చుకుని, చేప నాచులోంచి బయటికి వస్తుంది. వాకింగ్ బెయిట్ కొక్కేలు సన్నటివి. వాటికి అంత బిరుసు రాడ్ వాడితే చేప నోరు చిరిగి కొక్కెం జారిపోతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా చేపలు ఎరను ముక్కుతో నెట్టి వెళ్లిపోతుంటే, అప్పుడు ఎరను మార్చండి. చాలాసార్లు చిన్న పరిమాణానికి దిగితే చాలు. బజ్‌బెయిట్‌కైతే వెనక మరో కొక్కెం తగిలించవచ్చు. రెండో రాడ్‌కు బరువు కట్టని మెత్తటి ప్లాస్టిక్ పురుగును సిద్ధంగా ఉంచుకోవడం నేను గట్టిగా సిఫారసు చేసే సంగతి. తప్పిపోయిన చేప అక్కడే తచ్చాడుతుంటుంది. నీరు ఇంకా కదులుతుండగానే ఆ పురుగును అదే చోట వేస్తే, మునుగుతున్న దాన్ని చేప చాలాసార్లు అందుకుంటుంది.

ఒక్క జాగ్రత్త. తప్పిన ఎర మూడేసి మొనలతో మీ ముఖం వైపే దూసుకొస్తుంది. కళ్లద్దాలు లేకుండా, చీకటి వేళైనా సరే, ఈ వేటకు దిగవద్దు. పొడవాటి మూతి పటకారు చేతికందే దూరంలో ఉండాలి.

ప్రశ్న: రంగు ఎంత ముఖ్యం? ఒకే ఎర పాతిక రంగుల్లో దొరుకుతోంది.

జవాబు: అమ్మేవారు చెప్పేంత ముఖ్యం కాదు. నీటిపై తేలే ఎరను బాస్ కింది నుంచి, ఆకాశపు వెలుగుకు ఎదురుగా చూస్తుంది; దానికి ప్రధానంగా కనిపించేది ఎర పొట్ట, ఆకారపు నీడ. ఎర వీపు మీద వేసిన పొలుసులు, కళ్లు కొనేవారి కోసమే అనుకోవచ్చు. బాస్ కంటిలో రంగులు పట్టే కణాలు రెండు రకాలే. అవి ఎరుపు, ఆకుపచ్చలకు బాగా స్పందిస్తాయి. నీలాన్ని నలుపు నుంచి వేరు చేయడం దానికి కష్టం. నేను మూడింటితో సరిపెట్టుకుంటాను. చీకటికీ మబ్బుకూ బురద నీటికీ నలుపు, మామూలు వెలుగుకు ఎముక రంగు తెలుపు, తేటనీటిలో ఎండ కాసేటప్పుడు లోపలికి కనిపించే పారదర్శకమైన రకం వాడతాను. రాత్రివేళ నలుపు ఎందుకంటే, నక్షత్రాల వెలుగుకు ఎదురుగా కూడా దాని ఆకారం స్పష్టంగా తెలుస్తుంది. రాత్రి వేటకు రంగు కన్నా శబ్దం ఒకే తీరుగా రావడం ముఖ్యం. చేప ఆ అలజడిని బట్టి గురి చూసుకుంటుంది. 1930ల చివర్లో వచ్చిన జిట్టర్‌బగ్ వంటి ఎర, నిలకడగా లాగితే చాలు, ఒకే లయతో బుడబుడమంటూ వస్తుంది. అందుకే చీకట్లో దాన్ని కుదపకుండా, ఆపకుండా తెచ్చుకోవాలి.

ప్రశ్న: స్మాల్‌మౌత్ బాస్‌కు కూడా ఇవే ఎరలా?

జవాబు: కప్పను పక్కన పెట్టండి. స్మాల్‌మౌత్ ఎక్కువగా రాళ్లున్న, తేటగా ఉండే, చల్లటి నీటిలో తిరుగుతుంది. నాచులో దాక్కునే అలవాటు తక్కువ. మూడు అంగుళాల లోపు పాపర్, సన్నటి వాకింగ్ బెయిట్ దానికి సరిపోతాయి. నోరు చిన్నది కనుక కొక్కేలూ చిన్నవి కావాలి. నీరు తేటగా ఉంటే పదిహేను అడుగుల లోతు నుంచి కూడా లేచి వస్తుంది, కాబట్టి కింద రాళ్లు మసకగా కనిపిస్తున్న చోట ఎర వేయడానికి సందేహించకండి. ఇప్పటివరకు చెప్పుకున్న లార్జ్‌మౌత్‌కు, అంటే పెద్దనోటి బాస్‌కు, ఇచ్చినంత విరామం దీనికి ఇవ్వనవసరం లేదు. ఎర వేగంగా, ఆగకుండా నడుస్తున్నప్పుడే అది ఎక్కువగా తరుముకొస్తుంది. మొదటిసారి తప్పినా వెంట వస్తూనే ఉంటుంది, కనుక లాగడం ఆపకండి.