పీఏ సీటు రాలేదని ఇంటి మీద అప్పా?

ప్రశ్న: మాది డాలస్ దగ్గర ఫ్రిస్కో. మా అమ్మాయి బయాలజీ డిగ్రీ అయ్యాక పోయినేడు ఆరు ఫిజీషియన్ అసిస్టెంట్ (పీఏ, డాక్టర్లతో కలిసి రోగులను చూసే వృత్తి) స్కూళ్లకు అప్లై చేసింది. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ఈసారి ఎలాగైనా సీటు రావాలని ఒక ఏడాది బయోమెడికల్ మాస్టర్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం, ఫీజు 38 వేల డాలర్లు. అడ్మిషన్ కన్సల్టెంటుకు ఇంకో 9 వేలు. మాస్టర్స్‌కు ఇంటి మీద హీలాక్ (ఇల్లు తాకట్టుగా బ్యాంకు ఇచ్చే అప్పు) 8.5 శాతానికి ఇస్తామన్నారు. కన్సల్టెంటు ఫీజుకు స్నేహితులతో వేస్తున్న 20 వేల చిట్టీ పాడేద్దామని ఉంది. ఆరు నెలలు కట్టాను, నాలుగు వేలు వదులుకుంటే వస్తుంది. నాది ఐటీ కాంట్రాక్టు. నెల ఖర్చు 6,800, బ్యాంకులో 9,200 ఉన్నాయి. అప్లికేషన్ మీద మనసు పెట్టాలని అమ్మాయి క్లినిక్ ఉద్యోగం కూడా మానేసింది. తన కారు వాయిదా 610 నేనే కడుతున్నాను. హీలాక్ మేలా, 401కె (రిటైర్మెంట్ పొదుపు) మీద లోన్ మేలా?

జవాబు: రెండూ వద్దు.

ఏ అప్పు మేలని మీరు అడిగారు. మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది మాత్రం చివరి వైపు రాసిన రెండు అంకెల దగ్గర. నెల ఖర్చు 6,800, చేతిలో 9,200. అంటే నలభై రోజులు. మీ కాంట్రాక్టు ఈ శుక్రవారం ఆగిపోతే వచ్చే నెల ఇంటి వాయిదా కడతారు, ఆ పై నెల చేతులెత్తేయాలి. అలాంటి ఇంటి మీదే ఇంకో 38 వేలు తెస్తానంటున్నారు. వడ్డీ ఒక్కటే నెలకు 270 డాలర్లు.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సు ఒక్కోసారి పీఏ, ఒక్కోసారి డెంటల్. కథ మాత్రం ఒకటే. సీటు రాకపోతే మనవాళ్లకు ముందు తోచేది ఎక్కడో ఒక చోట ఫీజు కట్టడం. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే విజయవాడలో లాంగ్ టర్మ్‌కు పంపిన అలవాటు అది. పిల్ల అన్నీ మానేసి గదిలో కూర్చుని చదువుతుంటే మనకు ధైర్యంగా ఉంటుంది. అక్కడ పరీక్ష ఒకటే, ర్యాంకు ఒకటే కాబట్టి అది పనికొచ్చింది. పీఏ స్కూళ్లు మార్కులతో పాటు రోగి పక్కన ఎన్ని గంటలు పనిచేశావని అడుగుతాయి. ఆ గంటలు దొరికేది జీతమిచ్చే ఉద్యోగంలో. మీ అమ్మాయి మానేసింది సరిగ్గా దాన్నే.

ఉత్తరంతో పాటు కాస్పా (పీఏ స్కూళ్లకు ఉమ్మడిగా అప్లై చేసే వెబ్‌సైటు) అప్లికేషన్ కాపీ పంపారు కాబట్టి చూశాను. నేను అడ్మిషన్ల మనిషిని కాను, అంకెలు మాత్రం చదవగలను. పేషెంట్ కేర్ గంటలు 570 అని ఉంది. అందులో 150 గంటలు ఒక పీఏ వెనక నిలబడి చూసినవి. అది షాడోయింగ్, దానికి కాస్పాలో వేరే గడి ఉంది. తీసేస్తే మిగిలేది 420. కొన్ని ప్రోగ్రాములు 500తో సరిపెట్టుకుంటాయి, వెయ్యి, అంతకు పైన అడిగేవీ చాలానే ఉన్నాయి. ఇక అప్లికేషన్ పంపిన తేదీ సెప్టెంబరు 20. ఆ ఏటి అప్లికేషన్లు తెరుచుకునేది ఏప్రిల్ చివర్లో. ఎక్కువ స్కూళ్లు వచ్చినవి వచ్చినట్టే చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తుంటాయి. పైగా ట్రాన్‌స్క్రిప్టులు వెరిఫై కావడానికే వారాలు పట్టొచ్చు. సెప్టెంబరులో పంపడమంటే పెళ్లికి విస్తళ్లు ఎత్తే వేళకు వెళ్లడమే. ఆరింటిలో ఐదు బయటి రాష్ట్రాల ప్రైవేటు స్కూళ్లు. డాలస్, ఫోర్ట్‌వర్త్, గాల్వెస్టన్, మిడ్‌ల్యాండ్‌లలో టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల పీఏ ప్రోగ్రాములు ఉన్నాయి, ఇక్కడివాళ్లకు ట్యూషనూ బాగా తక్కువ. వాటిలో ఒక్కదానికే అప్లై చేశారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

మాస్టర్స్ సంగతి. అమ్మాయి సైన్స్ జీపీఏ 3.25, ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి ప్లస్. ఆ కోర్సు మళ్లీ చేసినా కాస్పా పాత గ్రేడు కొట్టేయదు, రెండూ కలిపి లెక్కేస్తుంది. 60 క్రెడిట్ల మీద 3.25 ఉంటే, నాలుగు క్రెడిట్ల కోర్సులో ఏ తెచ్చుకున్నా 3.30 దగ్గర ఆగుతుంది. అయినా చేయించండి. కమిటీ వాళ్లు ట్రాన్‌స్క్రిప్టు చూసినప్పుడు ఆ సబ్జెక్టు పక్కన ఏ కనిపించాలి. దానికి మీ పక్కనే ఉన్న కాలిన్ కాలేజీలో సాయంత్రం క్లాసు చాలు, ఖర్చు వందల్లోనే. అమ్మాయి అప్లై చేసే స్కూళ్లు కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు తీసుకుంటాయో లేదో ముందు చూసుకోండి. 38 వేల మాస్టర్స్ మార్కులను కాస్పా గ్రాడ్యుయేట్ జీపీఏగా వేరే వరసలో చూపిస్తుంది. అండర్‌గ్రాడ్ అంకె ఉన్నచోటే ఉంటుంది. 2.8 ఉన్న పిల్లకైతే ఆలోచిద్దామనేవాణ్ణి.

కన్సల్టెంటుకు 9 వేలా? పర్సనల్ స్టేట్‌మెంట్ మొత్తం 5,000 అక్షరాలు, ఖాళీలతో కలిపి. అక్షరానికి డాలరు ఎనభై సెంట్లు పడుతోంది. పాత వ్యాసం పక్కన పెట్టి కొత్తది రాయమనండి, క్లినిక్‌లో తనతో పనిచేసిన పీఏకు చూపించమనండి. వద్దన్న ఆరు స్కూళ్లకూ ఎక్కడ తక్కువైందో చెప్పమని మెయిల్ పెట్టమనండి. అన్నీ జవాబివ్వవు, ఒకటి రెండు ఇచ్చినా మేలే. పన్నెండు స్కూళ్లకు అప్లై చేస్తే కాస్పా ఫీజు సుమారు 850 డాలర్లు అవుతుంది, కొన్ని స్కూళ్లు పైన ఇంకొంచెం తీసుకుంటాయి. ఈ ఏడాది నేను ఒప్పుకునే ఖర్చు ఆ ఫీజులు, ఆ సాయంత్రం క్లాసు, అంతే.

ఇక నా అసలు గొడవ. ఎమర్జెన్సీ ఫండ్ గురించి చెప్పిందే చెబుతానని ఇంట్లో కూడా నవ్వుతారు. నవ్వనివ్వండి. పీఏ కోర్సు సాధారణంగా 27 నెలలు. ఆ 27 నెలలూ ఉద్యోగం చేయొద్దని చాలా ప్రోగ్రాములు రాతపూర్వకంగానే చెబుతాయి, చేయనిచ్చినా టైముండదు. రెండో ఏడు రొటేషన్లు, అంటే హాస్పిటళ్లలో, క్లినిక్‌లలో శిక్షణ. నెలకో ఆరు వారాలకో సైటు మారుతుంది, కొన్ని వేరే ఊళ్లో పడతాయి, అక్కడ అద్దె, ఇక్కడ అద్దె. ఏదైనా సబ్జెక్టు పోతే తర్వాతి బ్యాచ్‌తో కలవమంటారు, అంటే ఇంకో ఏడాది ఖర్చు. మూడేళ్ల కింద నా క్లయింటు ఒకాయనకు, కూతురు రొటేషన్లలో ఉండగా ప్రాజెక్టు పోయింది. అదే వారం అమ్మాయి కారు ట్రాన్స్‌మిషన్ చెడింది. సైటు 70 మైళ్ల దూరం. మెకానిక్ 3,900 చెప్పాడు. టర్మ్ మొదట్లో వచ్చిన లోన్ డబ్బు అద్దెకే అయిపోయింది. కార్డు గీకారు, 27 శాతం వడ్డీ. అమ్మాయి ఉద్యోగంలో చేరాక కూడా ఎనిమిది నెలలు ఆ కారు బిల్లు కట్టింది. ఆయన దగ్గర ఇల్లుంది, 401కె ఉంది, హైదరాబాదులో ఫ్లాటు ఉంది. నాలుగు వేలు నగదు లేదు.

చదువు మొదలయ్యాక ఫెడరల్ లోన్ చూసుకుంటుందిలే అనుకుంటున్నారేమో. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ (మిగతా చదువు ఖర్చంతా ఇచ్చే ఫెడరల్ లోన్) లేదు. మామూలు గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఏడాదికి 20,500 డాలర్లే పరిమితి. మెడిసిన్, డెంటల్ లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు 50 వేల దాకా ఇస్తారు కానీ, విద్యాశాఖ 2025 చివర్లో ప్రతిపాదించిన ఆ జాబితాలో పీఏ లేదు. కాబట్టి 20,500 లెక్కే వేసుకోండి. కోర్సుకు, తిండికి, అద్దెకు కలిపి లక్షా అరవై వేలు అవుతుందనుకుంటే, మూడు విద్యా సంవత్సరాలకు ఫెడరల్ లోన్ 61,500 దాటదు. మిగతా 98 వేల చిల్లరలో చాలా భాగం ప్రైవేటు లోన్, దాని మీద కో-సైన్ చేసేది, అంటే పూచీ పడేది మీరు. హీలాక్ అప్పుడే నెత్తి మీద ఉన్న కాంట్రాక్టు ఉద్యోగికి ఆ బ్యాంకు ఏ రేటు ఇస్తుందో ఊహించుకోండి. మీకున్న అప్పు పరపతి అంతా సీటు రాకముందే ఖర్చు పెట్టేస్తున్నారు. పీఏల మధ్యస్థ జీతం 2024లో 1,33,260 డాలర్లు, కాదనను. అది సీటు వచ్చి, కోర్సు ముగిసి, లైసెన్సుకు రాయాల్సిన పాన్స్ పరీక్ష పాసై, లైసెన్సు చేతికి వచ్చిన తర్వాతి మాట.

అమ్మాయిని సోమవారమే ఉద్యోగం వెతకమనండి. పాత క్లినిక్ పిలిస్తే సరే, పెద్ద హాస్పిటల్ అయితే ఇంకా మంచిది, అక్కడ ట్యూషన్ సాయం ఉండొచ్చు, ఏడాదికి 5,250 డాలర్ల వరకు దాని మీద పన్ను ఉండదు. మెడికల్ అసిస్టెంటుగా గంటకు 20 డాలర్లు వచ్చినా నెలకు 3,450 దాకా, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు కాబట్టి చేతికి ఇంచుమించు 2,900. ఫిబ్రవరిలో చేరితే మే నెలాఖరుకు గంటలు 1,100 చేరతాయి, అప్పుడే అప్లికేషన్ పంపేయాలి. కారు వాయిదా 610 మీరు కడుతున్నానని రాశారు. డిగ్రీ అయిందని కొత్త కారు కొనివ్వడం మీద నాకో అభిప్రాయం ఉంది, ఇప్పుడు వద్దులెండి. ఇక నుంచి ఆ 610 అమ్మాయే కట్టుకోవాలి. పెట్రోలు, ఫోను పోను నెలకు 2,000 తన పేరు మీద సేవింగ్స్‌లో పడాలి. సీటు వస్తే చేరేది 2027 వేసవిలో. పదిహేను నెలల్లో 30 వేలు. అది ఫీజుకు కాదు. కారు, రొటేషన్ అద్దె, ఇంటర్వ్యూ ప్రయాణాలు, సీటు ఖాయం చేసుకోడానికి కట్టే వెనక్కి రాని డిపాజిట్, వీటికి.

ఇంటి ఫండ్ వేరే. ఆరు నెలల ఖర్చు 40,800. చేతిలో 9,200, చిట్టీ చివరిదాకా ఉంచితే 20 వేలు. తక్కువ పడేది 11,600. కారు వాయిదా అమ్మాయి కట్టుకుంటే మీకు మిగిలే 610కి ఇంకో 165 కలిపి నెలనెలా దాచండి, పదిహేను నెలల్లో అయిపోతుంది. స్నేహితుల చిట్టీకి కాగితం ఉండదు కాబట్టి ఇది అయ్యాక మళ్లీ వేయకండి.

మిగతావి. 401కె లోన్ తీసుకున్నాక కాంట్రాక్టు పోతే, మిగిలిన బాకీ మరుసటి ఏడాది ట్యాక్స్ గడువులోగా తిరిగి వేయకపోతే దాని మీద పన్ను, మీ వయసుకు పెనాల్టీ కూడా పడతాయి. ఇండియాలో ప్లాటు అమ్ముకోవాలనుకుంటే ఇప్పుడే కదలండి, టీడీఎస్, ఎన్ఆర్ఓ ఖాతా కాగితాలు తేలడానికి నెలలు పడుతుంది. కొత్త స్కూల్ ఏదైనా సులువుగా సీటు ఇస్తామంటే పీఏ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఏఆర్‌సీ-పీఏ గుర్తింపు ఉందో లేదో చూశాకే డిపాజిట్ కట్టండి, గుర్తింపు లేని చోట చదివితే పాన్స్ రాయనివ్వరు. కోర్సు మధ్యలో అమ్మాయికి 26 నిండుతాయి, మీ హెల్త్ ఇన్సూరెన్స్ నుంచి బయటికి వస్తుంది. స్కూల్ ప్లాన్ ప్రీమియం ఎంతో ముందే కనుక్కుని ఆ 30 వేల లెక్కలో పెట్టుకోండి.

హీలాక్ కాగితాల మీద ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, మూడు పని దినాల్లోగా రద్దు చేసుకునే హక్కు మీకుంది. ఈ నెల చిట్టీ పాటకు వెళ్లకండి. కాంట్రాక్టు పోయిన నెల వెళ్దురుగాని.