ఎలక్ట్రీషియన్ పని పాడు చేసి వెళ్లిపోతే...

డల్లాస్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్న సందేహం ఇది. "కారు ఛార్జింగ్ కోసం గరాజ్‌లో 240 వోల్టుల పాయింట్ పెట్టించామండీ. ప్లగ్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. చేసినతను ఫోనెత్తడం లేదు. ఏం చేయమంటారు?"

ముందు ఆ బ్రేకర్ ఆపేయండి. అతను వచ్చేదాకా కొంచెం కొంచెం వాడుకుందాం అనుకోవద్దు. గరాజ్ గోడకి అవతలే పిల్లలు పడుకునే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి.

తప్పు ఎక్కడుందో మీకు తెలిస్తే అతనితో మాట్లాడటం తేలికవుతుంది. కారు ఛార్జింగ్‌కి ఎక్కువగా పెట్టే 240 వోల్టుల సాకెట్‌ని 14-50 అంటారు. దానికి 50 ఆంప్స్ బ్రేకర్ వేస్తారు. గంటల తరబడి నడిచే లోడు కాబట్టి కారు అందులో 80 శాతం, అంటే 40 ఆంప్స్ మించి లాగకూడదు. సాకెట్ చవకరకమైనా, లోపలి స్క్రూలు సరిగ్గా బిగించకపోయినా వేడి అక్కడే పుడుతుంది. మా వీధిలోనే ఒకరింట్లో చూశాను. పైకి అంతా కొత్తగా మెరుస్తోంది, ప్లగ్ పీకి చూస్తే ఒక రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కరిగిపోయి ఉంది.

గోడకి నేరుగా బిగించే 48 ఆంప్స్ ఛార్జర్ విషయంలో ఇంకో తప్పు చేస్తారు. 60 ఆంప్స్ బ్రేకర్ వేసి, దానికి 6 గేజ్ (వైరు మందం కొలత) రోమెక్స్, అంటే ప్లాస్టిక్ తొడుగున్న మామూలు ఇంటి వైరు, లాగేస్తారు. రాగి వైరే అయినా ఆ రోమెక్స్ 55 ఆంప్స్‌కి మాత్రమే పనికొస్తుంది. ఇక్కడ "నా అనుభవం ప్రకారం పర్లేదు సార్" అనే మాట చెల్లదు, అది కోడ్ (కరెంటు పనుల భద్రతా నియమావళి) ఒప్పుకోని పని. వైరు పైతొడుగు మీద గేజ్ అచ్చు వేసి ఉంటుంది. బయటికి కనిపిస్తే ఫొటో తీసుకోండి. బ్రేకర్లుండే ప్యానెల్ మూత మాత్రం మీరు విప్పొద్దు.

ఇక అసలు చిక్కు మన మొహమాటం. వాట్సాప్ గ్రూపులో ఎవరో నంబరిస్తారు. "మనాయనే, క్యాష్ ఇస్తే తక్కువలో చేస్తాడు" అంటారు. పని చెడితే ఎలా అడగాలా అని నెలల తరబడి టెన్షన్ పడతాం. అడగండి! టెక్సస్‌లో ఈ పని చేసే కాంట్రాక్టర్‌కి టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ ఇచ్చే లైసెన్స్ ఉండాలి. ఆ నంబరు వ్యాన్ మీద, బిల్లు మీద కనిపించాలి. శాఖ సైట్లో నిమిషంలో సరిచూసుకోవచ్చు. లైసెన్స్ ఉన్నవాడికి ఒక్కో ఘటనకి కనీసం 3 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి. ఇంటి చిల్లర పనులు చేసే హ్యాండీమ్యాన్‌కి ఇవేవీ ఉండవు. అందుకే అతని రేటు తక్కువ.

ఫోన్లో గొడవపడటం దండగ. ఈమెయిల్ రాయండి. ఏ తేదీన ఏ పని చేశాడు, ఎంత ఇచ్చారు, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఎప్పటిలోగా సరిచేయాలి, అంతే. తిట్లు వద్దు, ఫొటోలు జతచేయండి. ఆ పనికి పర్మిట్ తీశాడో లేదో సిటీ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. తీసి ఉంటే సిటీ ఇన్‌స్పెక్టర్ చూసి పాస్ చేసేదాకా పని పూర్తయినట్టు కాదు. చివరి చెల్లింపు ఆ పాస్‌తో ముడిపెడితే సగం బాధలు రావు. నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఇదే.

బదులు రాకపోతే లైసెన్స్ ఉన్న ఇంకో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, లోపాలు కాగితం మీద రాయించుకోండి. అతను తీసేసిన పాత సాకెట్ పారేయనివ్వకండి. తేదీ రాసి కవర్లో పెట్టుకోండి. టీడీఎల్ఆర్‌కి ఫిర్యాదు చేస్తే లైసెన్స్ మీద చర్య, జరిమానా ఉండొచ్చు. మీ డబ్బు కోసమైతే చిన్న మొత్తాల దావాలు వినే జస్టిస్ కోర్టు. 20 వేల డాలర్ల దాకా అక్కడే తేలుతుంది, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. దానికి ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు పంపి 60 రోజులు గడువివ్వండి. క్రెడిట్ కార్డుతో కట్టి, బ్యాంకుకి ఆ బాకీ ఇంకా తీర్చకపోతే, ఆ చెల్లింపు మీద బ్యాంకుకి అభ్యంతరం చెప్పే (డిస్ప్యూట్ వేసే) దారి కూడా ఉంది. సరిచేయమని ముందు అడిగినట్టు మీ ఈమెయిలే సాక్ష్యం. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా జెల్ (Zelle)‌లో పంపిన డబ్బుకి ఈ వెసులుబాటు లేదు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు సొంతంగా ఎవరినీ పిలవకండి. లీజింగ్ ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పండి చాలు.

చాలామంది గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకోటుంది. "హెచ్1 మీద ఉన్నాం, కోర్టుకెళ్తే వీసాకి ఇబ్బందా?" కాదు. మీకు రావాల్సిన డబ్బు కోసం మీరు వేసే సివిల్ దావా అది. నేరం కేసు కాదు. మీ స్టేటస్‌కి దానితో సంబంధం లేదు.