కాంక్రీటు పగలగొట్టించే ముందు మీటరు పెట్టి చూడండి

గుంటూరు అరండల్‌పేట నుంచి వెళ్లి అమెరికాలోని మినియాపొలిస్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒక సోదరుని సందేహం ఇది. డ్రైవ్‌వేలో మంచు కరిగించే ఏర్పాటు ఉన్నది, కాంక్రీటులో ఉండి దాని ఉష్ణోగ్రత తెలిపే స్లాబ్ సెన్సర్ పాడైనదని ఆ ఏర్పాటును నడిపే కంట్రోలర్ చూపుతున్నది, కాంక్రీటు పగలగొట్టాలంటూ కాంట్రాక్టరు వేల డాలర్ల అంచనా ఇచ్చాడు. ఒప్పుకోవచ్చునా అని అడిగారు.

అప్పుడే ఒప్పుకోవద్దు. ఆ మొత్తాన్ని ఒకసారి రూపాయల్లోకి మార్చి చూసుకోండి. అలా మార్చుకుంటే ఇక్కడి మనవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. నేను ఇల్లు అప్పు తీర్చినది ఆ అలవాటుతోనే.

స్లాబులో ఉండే సెన్సర్ సాధారణంగా థర్మిస్టర్, అంటే ఉష్ణోగ్రతను బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న భాగం. చల్లబడే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. ఎక్కువగా వాడే రకం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 కిలో ఓములు, సున్నా దగ్గర సుమారు 32.6, మైనస్ 10 దగ్గర సుమారు 55 చూపుతుంది. మీ కంట్రోలర్ పుస్తకంలో పట్టిక ఉంటుంది, దానినే ప్రమాణంగా తీసుకోండి.

నా ఇంట్లో ఇదే చిక్కు వచ్చినప్పుడు నాకు ఈ మాత్రం చెప్పినవారు కూడా లేరు. బెజవాడ గవర్నరుపేటలో కొన్న మల్టీమీటరు పెట్టెలో ఉన్నదన్న ధైర్యంతో, తీగలను కంట్రోలర్ నుంచి విప్పకుండానే కొలిచాను. కంట్రోలర్ పంపే విద్యుత్తు ఆ తీగల్లో ఉండగా ఓములు సరిగా రావు; వచ్చిన పొంతన లేని అంకెలను నమ్మి కొత్త సెన్సర్ తెప్పించాను, ఆ డబ్బు దండుగ. తరువాత తీగలు విప్పాను గాని, వాటి చివరలను మీటరు ముళ్లకు రెండు చేతుల వేళ్లతో అదిమి పట్టుకున్నాను. చెమట పట్టిన చేతుల గుండా కూడా విద్యుత్తు పారడం వల్ల నిరోధం తగ్గి, గడ్డకట్టిన స్లాబు వెచ్చగా ఉన్నట్లు కనిపించింది. పైగా ఆ అంకెను ఫోనులోని వాతావరణంతో పోల్చాను. ఎండ తగిలిన కాంక్రీటుకూ గాలికీ ఒకే ఉష్ణోగ్రత ఎందుకు ఉంటుంది? ఏర్పాటు చాలాసేపు ఆగి ఉన్న తెల్లవారుజామున, సెన్సర్ ఉన్నచోట స్లాబు మీద థర్మామీటరు ఉంచి పోల్చినప్పుడు గాని లెక్క కుదరలేదు.

మీరు మాత్రం ముందుగా బ్రేకర్ ఆపి, సెన్సర్ తీగలు రెండూ విప్పి, క్లిప్పులతో కొలవండి. మీటరు హద్దు దాటినట్లు చూపితే ఎక్కడో తెగినది; సున్నాకు దగ్గరగా చూపితే తీగలు ఒకదానికొకటి తగులుతున్నవి. ఏది వచ్చినా సెన్సర్‌నే అనుమానించకండి. తీగలను అతికిన జంక్షన్ పెట్టెలో సెన్సర్ వైపు తీగలను విడదీసి అక్కడే కొలవండి. అక్కడ సరైన అంకె వస్తే లోపం ఆ అతుకులో గాని కంట్రోలర్ వైపు తీగలో గాని ఉన్నట్లే. నాకు దొరికినది నీరు చేరి తుప్పు పట్టిన ఆ అతుకే.

ఒకవేళ సెన్సరే పోయినా, చాలాచోట్ల దానిని గొట్టంలో ఉంచుతారు కాబట్టి లాగి మార్చవచ్చును. గొట్టం ఉన్నదో లేదో కాంట్రాక్టరు చేత కాగితం మీద వ్రాయించుకోండి, తాను కొలిచిన ఓములు కూడా. హీటింగ్ కేబుళ్లకు వెళ్లే కరెంటు జోలికి పోవద్దు, ఆ పని లైసెన్సు ఉన్నవారిదే. అనుమతుల నియమాలు మీ నగర కార్యాలయంలో తెలుస్తాయి.