ఊఁ కొట్టేవాళ్ళు ఉండాలి

అమ్మా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు పేజీలూ కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ రెండుసార్లు చదివాను. కథ బాగుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి అన్నీ కోతలే. గొప్పలు కాదులే, కత్తిరింపులు.

"హైదరాబాద్ లామకాన్‌లో నిజం కథలు చెప్పే సాయంత్రానికి నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు సార్, ఇది బట్టీ పట్టేస్తే సరిపోతుందా?" అని అడిగావు. సరిపోదు. బట్టీ అసలు పట్టకు. ఆ ముచ్చట నాకు బాగా తెలుసు. పదేళ్ళ కిందట ఒక చిన్న హాల్లో, అరవై డెబ్భై కుర్చీలుంటాయేమో, నా పెళ్ళిచూపుల కథ చెప్పడానికి నిలబడ్డాను. పత్రికలో అచ్చయిన కథే, అక్షరం పొల్లుపోకుండా వల్లె వేసుకుని వెళ్ళాను. మూడో నిమిషంలో "అయినప్పటికీ" అన్నాను. దాని తర్వాత వాక్యం రాలేదు. అద్దం ముందు ఇరవైసార్లు చెప్పిన వాక్యం అది! గొంతు తడారిపోయింది, ఫ్యాన్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ జాలిపడిందో, నిజంగానే తెలుసుకోవాలనుకుందో, "ఊఁ... ఇంతకీ ఆ అమ్మాయి వచ్చిందా, లేదా?" అంది. "రాలేదండీ" అన్నాను. హాలంతా నవ్వింది. అప్పటిదాకా ఒక్కరూ నవ్వలేదు. అక్కడి నుంచి ఆవిడకి జవాబు చెబుతున్నట్టుగానే మిగతా కథంతా చెప్పేశాను.

చిన్నప్పుడు మన ఇళ్ళల్లో కథ చెప్పేవాళ్ళు పెట్టే షరతు ఒక్కటే కదా: ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడని లెక్క, కథ అక్కడికి ఆపేసేవాళ్ళు. బుర్రకథలో అయితే ఆ పనికి మనుషుల్నే పెట్టుకున్నారు. మధ్యలో తంబూరాతో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. హాస్యం చెప్పేవాడు మనం అడగాలనుకున్న ప్రశ్న మనకంటే ముందే అడిగేస్తాడు. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారంతటి కథకుడికి కూడా పక్కన "తందాన తాన" అనేవాళ్ళు ఉన్నారు. నీకు ఉండరు. మైకు, నువ్వు, ఎదురుగా చాయ్ గ్లాసులు పట్టుకున్న జనం, అంతే. ఆ జనమే నీకు వంత. వాళ్ళు పైకి ఊఁ అనరు, ముందుకు వంగుతారు. గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి ఆపేస్తారు. కాగితం బట్టీ పట్టినవాడి చూపు లోపలి పేజీ మీదే ఉంటుంది కాబట్టి అదేమీ కనపడదు.

ఇప్పుడు నీ కథకి వస్తాను. మొదటి పేజీ మొత్తం, రెండో పేజీ చాలావరకు తీసెయ్. "మానవ జీవితంలో కొన్ని క్షణాలు శాశ్వతంగా నిలిచిపోతాయి" దగ్గర మొదలై, అక్క చదువు, నాన్న రిటైర్మెంటు, తెనాలిలో కల్యాణమండపం దొరకడానికి పడ్డ తిప్పలు... ఇవన్నీ దాటి రెండో పేజీ చివర్లో కదా అసలు సంగతి! ముహూర్తం ఇంకా నలభై నిమిషాలుంది. మంగళసూత్రాలున్న హ్యాండ్‌బ్యాగ్ నువ్వు ఆటోలో మర్చిపోయావు. అక్కడ మొదలుపెట్టు. "మా అక్క పెళ్ళి ముహూర్తానికి ఇంకా నలభై నిమిషాలుంది, సూత్రాలు నా దగ్గర లేవు" అను చాలు, చాయ్ తాగేవాళ్ళందరూ నీ వైపు తిరుగుతారు. అక్క ఎంతవరకు చదివిందో ఎవరికీ అక్కర్లేదు.

మూడో పేజీలో ఒక్క వాక్యం ఉంది: "స్టోర్ రూములో బియ్యం బస్తా మీద కూర్చుని నాయనమ్మ పసుపుకొమ్ముకి తాడు కట్టింది." ఒక్క వాక్యమేనా తల్లీ! నిన్ను తిట్టకుండా, ఎలా పోయిందని అడగకుండా, బంగారం దొరక్కపోతే పసుపుకొమ్ముతో పెళ్ళి జరిపించేద్దామని ఆవిడ అప్పటికే సిద్ధపడిపోయింది. నీ కథలో గుండెకాయ అదే. దానికి ఒక పూర్తి నిమిషం ఇవ్వు. వేళ్ళు వణికాయా? బయట మేళం వినిపిస్తోందా? నీతో ఒక్క మాటైనా అందా? గుర్తున్నదే చెప్పు, గుర్తు లేనిది కల్పించకు. "నిజంగా జరిగిన కథ" అని పోస్టర్ మీద వేసి పిలిచారు, జనం ఆ నమ్మకంతోనే వస్తారు.

దీనికోసం పంతులుగారి మీద జోకులు, వీడియో అతని గొడవ తీసెయ్యాల్సొస్తుంది. నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. కానీ తెల్లవార్లూ హరికథ చెప్పే దాసుగారికి పిట్టకథ కావాలి, జనం కునుకు తీస్తారు కాబట్టి. అయిదు నిమిషాల్లో కునికేదెవరు?

ఇక ఆఖరి పేరా. ఆటో అతను వెతుక్కుంటూ మండపానికి వచ్చాడు, బ్యాగు నీ చేతిలో పెట్టి, "ముప్ఫై రూపాయలివ్వకుండా దిగిపోయారమ్మా" అన్నాడు. ఇంత మంచి ముగింపు దేవుడే పంపితే, నువ్వు దాని కింద "మానవత్వం ఇంకా బతికే ఉంది" అని ఎనిమిది వాక్యాలు రాశావు. అతనన్న మాట దగ్గర ఆగిపో. నవ్వులు వస్తాయి. అవి పూర్తిగా తగ్గకముందే దణ్ణం పెట్టి దిగిపో.

స్టేజి ఎక్కి సొంత కథలు చెప్పుకునే ఈ సాయంత్రాలకి ఒక పద్ధతి తెచ్చినవాళ్ళలో న్యూయార్క్ 'మాత్' (అంటే దీపప్పురుగు) అనే సంస్థ వాళ్ళని చెప్పుకోవాలి. 1997లో జార్జ్ డాస్ గ్రీన్ అనే రచయిత తన ఇంట్లోనే మొదలుపెట్టాడు. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో ఒక స్నేహితురాలి వరండాలో రాత్రిళ్ళు కూర్చుని కథలు చెప్పుకుంటుంటే, తెర చిరుగుల్లోంచి దీపం చుట్టూ చేరే పురుగుల పేరే దానికి పెట్టాడు. వాళ్ళ పోటీల్లో పేర్లు సంచిలోంచి తీస్తారు, ఎవరి వంతు ఎప్పుడో తెలియదు. చేతిలో కాగితం ఉండకూడదు. ఈ ఒక్క రూలూ మనం తెచ్చుకుంటే చాలు. మన ఇళ్ళల్లో అమ్మమ్మలూ తాతయ్యలూ కాగితం చూసి ఎప్పుడు చెప్పారు గనక!

బట్టీ వద్దంటే ఖాళీగా వెళ్ళమని కాదు. మొదటి వాక్యం, ఆఖరి వాక్యం నోటికి రావాలి. మధ్యలో నాలుగు మజిలీలు గుర్తుంటే చాలు: ఆటో, స్టోర్ రూము, పీటల మీద అక్క, గేటు దగ్గర ఆటో అతను. రోజూ ఒకరికి చెప్పు. ఆఫీసులో ఒకరికి, హాస్టల్లో ఒకరికి, ఎవరూ దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్. ప్రతిసారీ మాటలు మారతాయి, మారనివ్వు. ఎదుటివాళ్ళు ఎక్కడ ఫోన్ చూసుకున్నారో అక్కడ కత్తెర పెట్టు. ఫోన్లో టైము పెట్టుకుని చూడు, నాలుగున్నరకి అయిపోవాలి, నవ్వులకీ చోటుండాలి కదా. మైకు నోటికి బెత్తెడు దూరంలో ఉంచు. టెన్షన్ అందరికీ ఉంటుంది, నాకు ఇప్పటికీ అరచేతులు చెమటపడతాయి, దాని గురించి రాయడానికేమీ లేదు.

ఒక్క విషయం మాత్రం నన్ను ఆపింది. "ఈ సంగతి అక్కకి ఇప్పటికీ తెలియదు" అని రాశావు. హాలు చిన్నదే, కానీ చేతుల్లో ఫోన్లు లేనివాళ్ళుండరు. మీ బావగారి తరఫు వాళ్ళెవరో వీడియో చూసి, అక్కకి అలా తెలిస్తే ఏం బాగుంటుంది? నేను ఒకప్పుడు మా తమ్ముడి అప్పుల గొడవ అడక్కుండా స్టేజి మీద చెప్పేశాను. చప్పట్లు బాగానే కొట్టారు. వాడు ఏడాదిన్నర నాతో మాట్లాడలేదు. తప్పు నాదే. ముందు అక్కకి ఫోన్ చెయ్, ఈ కథ మొట్టమొదట ఆవిడకే చెప్పు. వద్దంటే ఈసారికి వేరే కథ చెప్పు. నీ దగ్గర కథలకేం తక్కువ?

నేను వస్తాను. మూడో వరసలో చివరి కుర్చీ, మోకాలు చాపుకోవడానికి వీలుగా ఉంటుంది.

అన్నట్టు, నాలుగు పేజీల్లో ఎక్కడా రాయలేదు. ఆ ముప్ఫై రూపాయలు ఇచ్చావా, లేదా?

ఇట్లు
నీ మాస్టారు