యానిస్‌కు ఫ్రీ త్రోలు పడవు కాబట్టి ఆయన గొప్ప ఆటగాడు కాదా?

తమ్ముడూ, మహబూబ్‌నగర్‌ల మీ గ్రౌండు దోస్తులు అనేది ఇది కదా: అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏల ఆడే యానిస్ ఆంటెటోకుంపోకు ఉరికి డంక్ కొట్టుడు (ఎగిరి బాల్‌ను రింగుల కుక్కుడు) తప్ప ఏం రాదు, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినంక ఎవరూ అడ్డం రాకుండ గీత మీద నిలబడి వేసే షాట్లు) పడవు, తప్పు చూపిస్తే ఒప్పుకోడు. ఆయన్ని చూసి ఆట నేర్చుకోవచ్చా అని నీ ప్రశ్న. ఫ్రీ త్రోల మాట నూటికి నూరు నిజం. మిగిలిన రెండూ ఆట సరిగ్గ చూడని మాటలు.

2023 ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) మొదటి రౌండ్, ఆయన జట్టు మిల్వాకీకి మయామితో ఐదో మ్యాచ్. 38 పాయింట్లు, 20 రీబౌండ్లు (పడని షాట్ల బాల్ అందుకునుడు) తీసిండు. కానీ 23 ఫ్రీ త్రోలల్ల పడ్డవి 10. మ్యాచ్ ఓవర్‌టైంల పోయింది, రెండే పాయింట్ల తేడాతోటి ఓడిండ్రు! పోయిన ఆ 13ను ఏ అభిమాని కూడా వెనకేసుకు రావద్దు.

డంకులు తప్ప ఏం లేదంటే మాత్రం నేనొప్పుకోను. 2020ల ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు), ఉత్తమ డిఫెండర్ రెండూ ఆయనే. ఒకే సీజన్ల ఆ రెండూ అంతకుముందు తీసుకున్నది పాత దిగ్గజాలు మైకేల్ జోర్డాన్, హకీమ్ ఒలాజువాన్ మాత్రమే. 2021 ఫైనల్స్ నాలుగో మ్యాచ్ వీడియో పెట్టుకొని చివరి రెండు నిమిషాలు చూడు. అవతలి జట్టు ఫీనిక్స్ ఆటగాడు బుకర్ బాల్ తీసుకొని లోపలికి వస్తుంటే యానిస్ ఆయనకు అడ్డం పోతడు. బుకర్ బాల్‌ను రింగ్ మీదికి లేపుతడు, ఆయన జట్టు ఏటన్ అందుకొని డంక్‌కు లేస్తడు. అప్పటికే ముందుకు పోయిన యానిస్ వెనక్కి తిరిగి, ఎగిరి ఆ బాల్‌ను ఆపిండు. ఒట్టి ఎత్తుతోటి అయ్యే పని కాదది. బాల్ ఎక్కడికి పోతదో ముందే తెల్వాలె.

ఇగ తప్పు చూపిస్తే ఒప్పుకోడనే మాట సంగతి. ఆయన ఫ్రీ త్రో కొట్టే ముందు చాలా సేపు తీసుకుంటడు. ఎన్‌బీఏల 10 సెకన్ల గడువు. 2021ల అవతలి జట్టు జనం ఒకటి, రెండు అని గట్టిగ లెక్కపెట్టేటోళ్లు, గడువు దాటిందని రెఫరీ విజిల్ కూడా వేసిండు. అదే ఏడు ఫైనల్స్ ఆరో మ్యాచ్‌ల 19కి 17 కొట్టి, 50 పాయింట్లతోటి కప్పు గెలిపిచ్చిండు. 2023ల ఓడినంక “ఈ సీజన్ ఫెయిల్యూరా?” అని విలేకరి అడిగితే, జోర్డాన్ 15 ఏండ్లు ఆడి 6 సార్లు గెలిచిండు, మిగతా 9 ఏండ్లు ఫెయిల్యూరేనా అని తిరిగి అడిగిండు. సీజన్ గురించి ఆ జవాబు సరైనదే. ఆ 13 ఫ్రీ త్రోలకు మాత్రం అది జవాబు కాదు.

నువ్వు ఆయన ఫ్రీ త్రో పద్ధతి మాత్రం పట్టుకోకు. మన దగ్గర టోర్నమెంట్లు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్ మీద నడుస్తయి, అందుల గడువు 5 సెకన్లే. రెఫరీ బాల్ చేతికిచ్చినప్పటి నుంచి లెక్క. రెండు సార్లు నేలకు కొట్టు, ఒక ఊపిరి తీసుకో, వెయ్యి. ఎక్కువ సేపు నిలబడితే మోకాళ్లు బిగుసుకపోతయి, అప్పుడు ఒట్టి చేతులతోటే నెడ్తవు, బాల్ ముందు రింగుకు తగుల్తది. మోకాలు లేచుడు, చెయ్యి లేచుడు ఒకటే ఊపుల ఉండాలె.

బాల్ కొంచెం ఎత్తుకు లేపు. రింగు అడ్డం 45 సెంటీమీటర్లు, బాల్ దాదాపు 24. బాల్ 45 డిగ్రీల వాలుల దిగితే దానికి దొరికే సందు 32 సెంటీమీటర్లు. 30 డిగ్రీలకు పడితే 22న్నరే, అంటే రింగుకు తగలకుండ నేరుగ పోనే పోదు.

ప్రాక్టీస్ అలసిపోయినంకనే చెయ్యి. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు రెండు సార్లు ఉరుకు, వచ్చి రెండు వెయ్యి. ఇట్ల 25 సార్లు, మొత్తం 50. పక్కన దోస్తును గట్టిగ సెకన్లు లెక్కపెట్టమను. ఎన్ని పడ్డయో, పోయినవి ముందు రింగుకా వెనక రింగుకా నోటుబుక్కుల రాయి. ఆరుబయట సిమెంటు కోర్టయితే ప్రతి షాట్‌కు ముందు చెయ్యి తుడుచుకో. దుమ్ము, చెమట కలిస్తే వేళ్ల కొసల నుంచి బాల్ జారి పక్కకు పోతది, నువ్వేమో మణికట్టుల తప్పుందని అనుకుంటవు.